సమాచార వెబ్‌సైట్ల ఆదాయ మార్గాలు: నెల్లూరు తీరం

సరుకు అమ్మడం కాక సమాచారం అందించడమే ప్రధాన పనిగా పెట్టుకున్న వెబ్‌సైటును సమాచార వెబ్‌సైటు అంటారు. అందులో ఉండేది వార్త కావచ్చు, వ్యాసం కావచ్చు, ధరల పట్టిక, వీడియో, వంట విధానం, ఉద్యోగ ప్రకటన, ఏదైనా కావచ్చు. చదివేవాళ్లు సాధారణంగా డబ్బివ్వరు. వాళ్లు చదివినందుకు ఇంకెవరు, ఎందుకు చెల్లిస్తారన్న దాని మీదే ఇలాంటి సైటు మనుగడ ఆధారపడి ఉంటుంది. ప్రకటనలు, అమ్మకం మీద కమీషను, చందా, విరాళం, సమాచారం వెనక నడిచే మరో వ్యాపారం: ప్రపంచంలో ఎక్కడ చూసినా దారులు ఇవే. ఏ దారి ఎక్కడ పనిచేస్తుందన్నది మాత్రం ఊరిని బట్టి, భాషను బట్టి మారుతుంది.

నెల్లూరు తీరం అంటే కావలి వైపున్న తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలు ఇసకపల్లి, మైపాడు, కోడూరు మీదుగా కృష్ణపట్నం దాకా సాగే ప్రాంతం. ఇక్కడి పాఠకులను మాత్రమే నమ్ముకున్న సైటుకు చూపుల సంఖ్య ఎన్నటికీ సినిమా సైట్ల స్థాయికి రాదు. అయితే రొయ్యలు, వరి, చేపలు, ఓడరేవు చుట్టుపక్కల భూముల మీద చేతులు మారే సొమ్ము చాలా పెద్దది. చూపులు లెక్కపెట్టుకుంటే ఇక్కడ సైటు నడవదు. సరుకు లెక్క తెలిసినవాళ్లకు మాత్రం నడిచే అవకాశం ఉంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా పట్టుకోకుండా మొదలుపెట్టిన సైట్లు ఏడాది తిరిగేలోపు మూతపడడం మామూలే.

అచ్చు నాటి మూలాలు

సమాచారాన్ని దాదాపు ఉచితంగా ఇచ్చి దాని ఖర్చును ఇంకో వ్యాపారం మీద వేయడం తెలుగువాళ్లకు ఇంటర్నెట్ నేర్పింది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ లేపనం తెచ్చిన డబ్బు అండగా 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక పెట్టారు. తలనొప్పి మందు అమ్ముడైనంత కాలం సాహిత్య పత్రికకు లాభనష్టాల బెంగ తగ్గింది. ఇవాళ్టి భాషలో దీన్ని సొంత బ్రాండుతో నడిచే సైటు అంటాం.

రామోజీరావు 1969లో తెచ్చిన అన్నదాత మాసపత్రిక ఇంకో నమూనా. సేద్యం గురించి చదివే రైతు చేతిలో పత్రిక ఉందంటే విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, పంపుసెట్లు అమ్మేవాళ్లు ఆ పేజీల్లో చోటు కోసం వస్తారు. పాఠకుల సంఖ్య కన్నా వాళ్లు ఏం కొంటారన్నది ఇక్కడ ముఖ్యం. ఈనాడు 1989లో తెచ్చిన జిల్లా అనుబంధాలు దీన్ని జిల్లా స్థాయికి దించాయి. రాష్ట్రమంతటికీ ప్రకటన ఇచ్చే స్తోమత లేని బట్టల కొట్టు, ట్యుటోరియల్ కాలేజీ, నర్సింగ్ హోము తన జిల్లా వరకు మాత్రమే చెల్లించి పత్రికకెక్కగలిగాయి. భారతీయ భాషా పత్రికల విస్తరణను అధ్యయనం చేసిన రాబిన్ జెఫ్రీ ఈ స్థానిక ప్రకటనల మార్కెట్టును ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. నెల్లూరు నుంచే వెలువడే జమీన్ రైతు వారపత్రిక స్వాతంత్ర్యానికి ముందు పుట్టి, జిల్లా సంగతులనే నమ్ముకుని దశాబ్దాలు నిలబడింది. జిల్లా సైటు పెట్టాలనుకునేవాళ్లు సిలికాన్ వ్యాలీ పాఠాల కంటే ముందు దాని పాత సంచికల్లోని ప్రకటనలు తిరగేయడం మంచిది.

తీరానికి కావలసిన కబురు

రొయ్యల గుంట ఉన్న రైతుకు రోజూ కావలసింది ధర. అదీ ఒక్క ధర కాదు, కౌంటును బట్టి ధర. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. 30 కౌంటుకూ 100 కౌంటుకూ మధ్య తేడా, ఇంకో వారం మేత వేసి పెంచాలా, ఇవాళే పట్టుబడి పెట్టాలా అన్నది తేలుస్తుంది. ఆ తర్వాత కావలసింది రొయ్య పిల్ల నాణ్యత, మేత ధర, వాన కబురు, చుట్టుపక్కల గుంటల్లో తెల్లమచ్చ రోగం వచ్చిందా లేదా అన్నది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగరు రొయ్యల సాగును కుప్పకూల్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుంచి వనామీ రకం రొయ్యకు అనుమతులు దొరికాక తీరం మళ్లీ పుంజుకుంది. ఈ ఒడుదొడుకులు చూసిన రైతు ఆలస్యమైన కబురు ఎంత ఖరీదో చెప్పించుకోనక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, వాషింగ్టన్ నిర్ణయం ఇక్కడి గుంట గట్టు మీద ధరగా మారింది.

వరి రైతుకు కావలసింది వేరు. నెల్లూరులో ధాన్యం ధర పుట్టి లెక్కన చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. క్వింటాలు ధర మాత్రమే వేసే హైదరాబాదు సైటు ఇక్కడ పరాయిదిగానే మిగులుతుంది. సముద్రం మీదికి పోయేవాళ్లకు గాలి, అలలు, చేప దొరికే తావు కావాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ ప్రభుత్వమిచ్చే వేట నిషేధ భృతి ఎప్పుడు పడుతుందన్న వార్తకే గిరాకీ.

అమ్మకానికి చిక్కు ఇక్కడే ఉంది. ఈ సమాచారంలో చాలా భాగం ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహ సమాచారంతో చేపలు దొరికే అవకాశమున్న తావులను, సముద్రం తీరును ప్రకటిస్తుంది. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీబా వ్యాధుల మీద సలహాలిస్తుంది. ఎగుమతుల సంగతి సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా చూస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులతో మాట్లాడి కౌంట్ల వారీగా ధరలు ప్రకటించిన సందర్భాలూ ఉన్నాయి. ఉచితంగా దొరికేదాన్ని తిరిగి పెట్టి డబ్బడిగితే ఎవరిస్తారు? మైపాడు రేవుకు ఏది వర్తిస్తుందో ఏరి చెప్పడం, తెల్లారకముందే చెప్పడం, నిన్న చెప్పింది తప్పైతే ఒప్పుకోవడం, ఈ మూడు పనులకే సైటు విలువ కట్టుకోవచ్చు.

సమాచారం విలువ, దానికి చెల్లించేవారు

సమాచారం వల్ల మేలు జరగడం, ఆ మేలుకు లబ్ధిదారు చెల్లించడం ఒకటి కావు. ఈ తేడాను బాగా చూపిన అధ్యయనం కేరళ తీరానిది. 1997 నుంచి 2001 మధ్య అక్కడి మత్స్యకారులకు మొబైల్ ఫోన్లు అందినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించాడు. పడవ మీది నుంచే రేవులకు ఫోను చేసి ధర కనుక్కోవడంతో కొన్ని రేవుల్లో చేప పారబోయడం, పక్క రేవులో కొరత రావడం ఆగిపోయాయి. మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. అయితే ఈ లావాదేవీలో డబ్బు వసూలు చేసుకున్నది ఫోను కంపెనీ. ధర చెప్పినవాళ్లకు ఏమీ రాలేదు.

రాయిటర్స్ సంస్థ 2007లో మహారాష్ట్రలో ఆ లోటు పూడ్చబోయింది. రాయిటర్స్ మార్కెట్ లైట్ పేరుతో రైతులకు పంటల ధరలు, వాతావరణం, సలహాలు సంక్షిప్త సందేశాలుగా పంపి చందా వసూలు చేసింది. చందా కట్టించుకోగలగడం నిజంగా గొప్పే. అయితే దాని ప్రభావాన్ని కొలిచిన ఆర్థికవేత్తలు ఫాఫ్‌షాంప్, మింటెన్ 2012లో ప్రచురించిన ఫలితాల్లో, సందేశాలు అందిన రైతులకు మెరుగైన ధర వచ్చిందనడానికి గణాంకపరమైన ఆధారం కనిపించలేదు.

కేరళ సముద్రం మీద పనిచేసింది మహారాష్ట్ర పొలంలో ఎందుకు పనిచేయలేదు? నెల్లూరు వైపు నుంచి చూస్తే ఒక కారణం తోస్తుంది. ఏ రేవుకైనా వెళ్లగల పడవకు ధర తెలిస్తే లాభం. అప్పుతో కట్టుబడ్డ రైతుకు ఆ స్వేచ్ఛ లేదు. తీరంలో చాలామంది మేత, మందులు డీలరు దగ్గర అరువుకు తెచ్చుకుంటారు, పట్టుబడి నాడు సరుకు ఆ అరువు చెప్పినచోటికే వెళుతుంది. పక్క ఊళ్లో కిలోకు పది రూపాయలు ఎక్కువ పలుకుతోందని తెలిసినా అతను చేయగలిగింది తక్కువ. అలాంటి రైతును ధరల చందా కట్టమనడం న్యాయమూ కాదు, వ్యాపారమూ కాదు.

సమాచారం వెనక వ్యాపారం

ఈ తీరానికి అతి దగ్గరి ఉదాహరణ ఆక్వాచౌపాల్. ఐటీసీ కంపెనీ 2000లో మధ్యప్రదేశ్ సోయా రైతుల కోసం ఈ-చౌపాల్ మొదలుపెట్టింది. గ్రామంలో ఒక రైతు ఇంట కంప్యూటరు, ఇంటర్నెట్ ఏర్పాటు చేసి అతన్ని సంచాలకుడిగా నియమించేది. అదే నమూనాను ఆంధ్ర కోస్తా రొయ్య రైతుల కోసం తెలుగులో ఆక్వాచౌపాల్ పేరుతో తెచ్చింది. తెలుగు సమాచార వెబ్‌సైటు ఒకటి ఊహల్లోని పాఠకుల కోసం కాకుండా ఒకే సరుకు పండించేవాళ్ల కోసం పుట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఈ-చౌపాల్ నమూనాలో సైటులో ప్రకటనల అవసరమే లేదు. ధర, వాతావరణం, సాగు పద్ధతులు చదువుకోవడం ఉచితం. రైతు ఇష్టపడితే సరుకు కంపెనీకి అమ్ముతాడు, సంచాలకుడికి కమీషను వస్తుంది, కంపెనీకి మధ్యదళారీ ఖర్చు మిగులుతుంది. ఆ మిగులే వెబ్‌సైటు ఆదాయం. బయటివాళ్లు దీన్ని అనుకరించాలంటే సరుకు కొనగల పెట్టుబడి ఉండాలి, లేదా కొనేవాళ్లతో ఒప్పందం ఉండాలి. పెట్టుబడి లేని చిన్న సైటుకు మిగిలే దారి పరిచయం చేయడం: ఏ మండలంలో ఎన్ని టన్నుల ఏ కౌంటు పట్టుబడికి సిద్ధంగా ఉందో కొనుగోలుదారులకు తెలియజేసి, బేరం కుదిరినప్పుడు రుసుము తీసుకోవడం. ఈ పద్ధతిలో రుసుము కొనేవాళ్ల నుంచి వసూలైతేనే రైతు నమ్మకం నిలుస్తుంది. ఇద్దరి దగ్గరా తీసుకుంటే సైటు దళారీగా మారినట్టే. దళారులకు తీరంలో కొరత లేదు.

ప్రకటన నెట్‌వర్కులు

సైటులో చోటిస్తే గూగుల్ తనే ప్రకటనలు తెచ్చి నింపే యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. తెలుగు పేజీలను అది అధికారికంగా అనుమతించింది 2018లో. మధ్య పదిహేనేళ్లు తెలుగు సైట్లు వేరే దారుల్లో ప్రకటనలు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆదాయం 100 డాలర్లు చేరితేనే డబ్బు బ్యాంకులో పడుతుంది. 2024 నుంచి లెక్క క్లిక్కుల మీద కాక ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న దాని మీద కడుతున్నారు.

స్థానిక సైటుకు ఇది ఎంతవరకు ఆనుతుంది? లెక్క సులువుగా ఉండడానికి వేయి చూపులకు 40 రూపాయలు వస్తాయనుకుందాం. నెలకు 50 వేల చూపులున్న సైటుకు చేతికొచ్చేది 2,000 రూపాయలు. రోజూ తెల్లవారుజామున రేవుకు వెళ్లి ధర కనుక్కొచ్చే కుర్రాడి పెట్రోలుకు కూడా అది చాలదు. అదే 50 వేల చూపుల్లో సగం అమెరికా నుంచి వస్తే లెక్క మారుతుంది, అక్కడి ప్రకటనదారు ఎక్కువ ధర పెడతాడు కాబట్టి. సినిమా సమీక్షల ఐడిల్‌బ్రెయిన్ 1999 నుంచి నిలదొక్కుకోవడానికి ప్రవాస పాఠకులు కూడా ఒక ఆసరా. కాబట్టి రొయ్య ధర చదివే కోడూరు రైతు కంటే చేపల పులుసు వండే తీరు చదివే డల్లాస్ ఇల్లాలు గూగుల్ దృష్టిలో ఖరీదైన పాఠకురాలు. చాలా తెలుగు సైట్లు ఊరి సంగతి వదిలేసి వంటకాలు, సినిమాలు, రాశిఫలాల వైపు జరిగిపోవడానికి ఈ గుణకారమే కారణం.

గూగుల్ వెతుకులాటలోనే కృత్రిమ మేధ జవాబులు ఇవ్వడం 2024లో భారతదేశానికీ వచ్చింది. సాధారణ ప్రశ్నలకు జవాబు అక్కడే దొరికితే సైటు దాకా వచ్చేవాళ్లు తగ్గుతారు. వేట నిషేధం ఎప్పుడు అన్న ప్రశ్నకు యంత్రం జవాబు చెప్పగలదు. ఇవాళ ఇసకపల్లిలో ఏ చేప పడింది అన్నదానికి మాత్రం ఎవరో ఒకరు ఒడ్డున ఉండి తీరాలి.

నేరుగా తెచ్చుకునే ప్రకటన

జిల్లా సైటుకు అసలైన రాబడి ఇదే. ప్రకటనదారు ఇక్కడివాడు: హేచరీ, మేత డీలరు, ఏరియేటర్ల దుకాణం, నీటి పరీక్షల ల్యాబు, ఐస్ ఫ్యాక్టరీ, కృష్ణపట్నం రోడ్డు మీద ప్లాట్లు వేసే రియల్ ఎస్టేటువాళ్లు. తోటపల్లిగూడూరు మండలం అనంతపురంలోనే వాటర్‌బేస్ అనే మేత కంపెనీ ఉంది. ఒక హేచరీకి లక్ష మంది చూపులతో పనిలేదు. గుంట ఎండగట్టి, సున్నం చల్లి, వచ్చే నెల పిల్ల వదలబోయే కొద్ది వందలమంది చాలు. వాళ్ల ముందు నెల రోజులు కనిపించడానికి అది ఇచ్చే మొత్తం గూగుల్ ఇచ్చేదానికి పోలిక లేనంత ఎక్కువ ఉండగలదు. 2018లో తెలుగు జిల్లాల నుంచే మొదలైన లోకల్ యాప్ స్థానిక వార్తలతో జనాన్ని చేర్చి ఉద్యోగాలు, స్థలాలు, పెళ్లి సంబంధాల వంటి చిన్న ప్రకటనల వైపు విస్తరించింది. ఈ దారికి అదొక రుజువు.

ఇబ్బంది లేకపోలేదు. పిల్ల అమ్మే సంస్థ ప్రకటన పైన ఉంటే, ఆ పిల్ల వదిలిన గుంటల్లో రోగం వచ్చిందన్న వార్త కింద వేయడానికి చెయ్యి రాదు. పెద్ద పత్రికకు వంద మంది ప్రకటనదారులు ఉంటారు, ఒకరు అలిగినా నడుస్తుంది. చిన్న సైటుకు ముగ్గురే. వాళ్లలో ఒకరి చెల్లింపు మొత్తం రాబడిలో సగం ఉందంటే ఆ సైటు తటస్థతను పాఠకులు అనుమానించడం సహజం.

కమీషను

అమెజాన్ 1996లోనే మొదలుపెట్టిన పద్ధతి ఇది: సైటులో వస్తువు లంకె పెడితే, అక్కడి నుంచి వెళ్లినవాళ్లు కొంటే కొంత శాతం సైటుకు. సాధారణంగా లంకె నొక్కిన 24 గంటల్లోపు వస్తువును బుట్టలో వేసుకుంటేనే లెక్క. ఫోన్లు, మిక్సీలు, పుస్తకాల సమీక్షలకు ఇది బాగా నప్పుతుంది. తీరంలోని అసలు కొనుగోళ్లకు నప్పదు, ఎందుకంటే మేత బస్తా అరువు మీద వస్తుంది, ఆన్‌లైను దుకాణం అరువివ్వదు. ఉప్పుశాతం కొలిచే పరికరం, పీహెచ్ మీటరు వంటి చిన్న వస్తువుల వరకు కాస్త వస్తుంది.

చందా, విరాళం

న్యూయార్క్ టైమ్స్ 2011లో చందా కట్టనివాళ్లు చదవకుండా గోడ కట్టి విజయం సాధించాక ప్రపంచమంతా ఆ వైపు చూసింది. తెలుగులో చదవడానికి డబ్బు కట్టే అలవాటు అచ్చుకే పరిమితమై ఉంది. పైగా చందా పెట్టిన ధరల పట్టికను ఒక్కరు కొని వాట్సాప్‌లో పెడితే అరగంటలో మండలమంతా చేరుతుంది. నెలనెలా చందా కట్టగలవాళ్లు ఎవరైనా ఉన్నారంటే వాళ్లు రైతులు కాదు: ఎగుమతిదారులు, మేత కంపెనీలు, బీమా సంస్థలు, బ్యాంకులు. ఏ మండలంలో ఎంత విస్తీర్ణంలో పిల్ల వదిలారు, ఎక్కడ పంట ముందే తీసేశారు అన్న వివరాలు క్రమం తప్పకుండా నివేదికగా ఇవ్వగలిగితే దానికి వాళ్లు చెల్లిస్తారు. రైతుకు ఉచితం, సంస్థకు ఖరీదు అన్న ఈ విభజన చిన్న సైటుకు అందుబాటులో ఉన్నా పెద్దగా ఎవరూ తొక్కని దారి.

డబ్బే వద్దనుకున్న సంప్రదాయం కూడా తెలుగులో బలంగా ఉంది. 1998లో మొదలైన ఈమాట సాహిత్య పత్రికను రచయితలు, సంపాదకులు స్వచ్ఛందంగా నడుపుతున్నారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రకటనలుండవు, నిర్వహణ ఖర్చు ప్రపంచవ్యాప్త విరాళాలది. సాహిత్యానికి, విజ్ఞానానికి ఇది సరిపోతుంది. రోజూ రేవుకు వెళ్లి రావలసిన పనికి స్వచ్ఛందం ఎక్కువ కాలం ఆగదు.

వీడియో

చదవడం కన్నా చూడడం తేలికైన చోట సమాచారం యూట్యూబుకు మారిపోయింది. వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే ప్రకటన ఆదాయంలో వాటా దొరుకుతుంది. పూర్తినిడివి వీడియోల మీద 55 శాతం, షార్ట్స్ మీద 45 శాతం. గుంటూరు జిల్లాకు చెందిన శతాధిక వృద్ధురాలు మస్తానమ్మ పొలంలో వండిన వంటలు 2018లో ఆమె చనిపోయేనాటికి లక్షల మందికి చేరాయి. ఊరి వంట ఊరు దాటి అమ్ముడుపోతుందని ఆ వీడియోలు నిరూపించాయి. నెల్లూరు చేపల పులుసుకు ఆ ఆదరణ తేలికగానే దొరుకుతుంది. ఆక్వా సలహాల వీడియోల సంగతి వేరు. వాటిలో సలహా చెబుతున్న వ్యక్తే మందు కూడా అమ్ముతుండడం మామూలు. ఆదాయం యూట్యూబు నుంచి కాక ఆ మందు సీసా నుంచి వస్తుంది.

నియమాలు, పన్ను

డబ్బు తీసుకుని మెచ్చుకున్నప్పుడు ఆ సంగతి చదివేవాళ్లకు కనిపించేలా చెప్పాలని భారత ప్రకటన ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలిచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా సూచనలు విడుదల చేసింది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్యకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆధారం. వార్తలు ప్రచురించే సైట్లకు 2021 ఐటీ నియమాల కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి.

ఒకప్పుడు చిన్న తెలుగు సైట్లకు, ఛానెళ్లకు పెద్ద సొమ్ము ఎరవేసినవి బెట్టింగు ప్రకటనలు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడపడాన్ని, వాటి ప్రకటనలను కూడా నేరం చేసింది. 2025లో తెలంగాణ పోలీసులు బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేసిన పలువురి మీద కేసులు పెట్టారు.

వచ్చిన ఆదాయం వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సైటువాళ్లు పెద్దగా పట్టించుకోని ఆస్తి ఒకటి ఉంది: ధర కబురు కోసం తమంతట తాము నంబరు ఇచ్చిన రైతుల ఫోన్ల జాబితా. మేత కంపెనీలకు, రుణ యాప్‌లకు దాని విలువ సైటు మొత్తం కన్నా ఎక్కువ కావచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఒక పనికి తీసుకున్న నంబరును ఇంకో పనికి వాడాలంటే ఆ మనిషి అనుమతి ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.